దూకడం వేరు, దూకుడు వేరు



ఛందస్సును గురించో, శతకాలను గురించో వ్రాసుకొనే ఈ పుటలో సైకిలు మీద మట్టిదిబ్బలు దూకే ఆట చరిత్ర ఏమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. నాకూ ఆశ్చర్యమే. ఐతే ఈ వ్యాసానికి ఒక కారణం ఉన్నది. అది చెప్పకుండా చరిత్రలోకి వెళ్ళడం న్యాయం కాదు.

గత వేసవిలో కాలిఫోర్నియాలో మా అమ్మాయి ఇంట కొన్ని నెలలు గడిపాను. వాళ్ళ ఇంటికి కూతవేటు దూరంలో ఒక పార్కు, అందులో ఒక మూల పిల్లల సైకిళ్ళ కోసం పోసిన మట్టిదిబ్బల వరుస. పన్నెండేండ్ల మా మనుమడికి సాయంకాలమైతే అక్కడే కాలక్షేపం. ఒకనాడు వాడు ఒక దిబ్బ దాకా వేగంగా వెళ్ళి, బ్రేకు వేసి, చూచి చూచి వెనుదిరిగాడు. ముమ్మారు అలాగే చేశాడు. ముప్పైయైదేండ్లు పిల్లలకు చెప్పిన నోరు ఊరకుంటుందా? “ఏం కాదురా, ధైర్యం చేసి దూకు” అన్నాను. వాడు దూకాడు. పడ్డాడు. ఎముకలేవీ విరగలేదు గాని మోచేయి గీరుకుపోయింది. ఆ రాత్రి గ్యారేజీ గోడకు చేరిన సైకిలును రెండు వారాలు ముట్టలేదు.

వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. చెప్పినవాడి మాట విని పడిన పిల్లవాడు మళ్ళీ ఆ మాట వినడానికి ఎంతకాలం పడుతుందో ఉపాధ్యాయుడికి తెలియనిది కాదు. వాడికి నేను చెప్పినదానిలో తప్పేమిటో తెలుసుకోవాలని ఈ ఆట పుట్టుపూర్వోత్తరాలు వెదకడం మొదలుపెట్టాను. ఈ టపా ఆ వెదుకులాట ఫలితం.

ముందుగా ఒక భాషా విషయం. ‘దూకు’ ధాతువు నుండి వచ్చిన ‘దూకుడు’ అన్న మాటకు మన భాషలో రెండర్థాలు. ఒకటి దూకే క్రియ. రెండవది ముందూ వెనుకా చూడని తొందరపాటు. ఒకే మాటలో ఈ రెండూ ఇమిడిపోవడం వల్లనే కాబోలు, దూకడానికి కావలసినది తెగువ ఒక్కటేనని మనకు తోస్తుంది. ఈ ఆట చరిత్ర మాత్రం వేరే మాట చెబుతున్నది.

అసలు సైకిలుకు సంబంధించిన భయం సైకిలంత పాతది. 1817లో జర్మనీలోని మాన్‌హైం పట్టణంలో కార్ల్ ఫాన్ డ్రైస్ తన రెండు చక్రాల బండిని నడిపినప్పుడు దానికి పెడళ్ళు లేవు. కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవడమే. కాలు నేలకు అందుతూ ఉన్నంతవరకు భయానికి పెద్దగా తావు లేదు. 1870ల నాటికి ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తుకు పెరిగింది. ఆ పెద్దచక్రపు బండి మీద కూర్చున్నవాడు, చక్రానికి ఒక రాయి అడ్డం వస్తే చాలు, తలక్రిందులుగా ముందుకు పడేవాడు.

1880లలో అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ అటువంటి బండి నేర్చుకొని, తన పాట్లను గురించి ‘టేమింగ్ ది బైసికిల్’ అనే హాస్యవ్యాసం వ్రాశాడు. హాస్యం మాటున అందులో ఒక గట్టి విషయం ఉన్నది. బండి ఏ వైపు ఒరుగుతున్నదో ఆ వైపుకే చక్రం తిప్పాలట. మనస్సేమో దానికి ఎదుటి వైపు తిప్పమని మొత్తుకుంటుంది. అంటే సైకిలు విద్యలో మొదటి పాఠమే సహజమైన భయం చెప్పే సలహాను పాటించకపోవడం. అది ఒకరు చెబితే తెలిసినా, చేతులకు అలవడాలంటే అభ్యాసం కావాలి.

విద్యావేత్త, సంస్కర్త ఫ్రాన్సెస్ విలార్డ్ యాభైమూడవ యేట సైకిలు నేర్చుకొని 1895లో ‘ఎ వీల్ వితిన్ ఎ వీల్’ అనే చిన్న పుస్తకమే ప్రకటించింది. దినానికి సగటున పావుగంట వంతున సుమారు మూడు నెలలు పట్టిందట. ఆమె నేర్చిన క్రమం చూడండి: మొదట తొక్కడం, పిదప మలుపు తిప్పడం, ఆ పైన దిగడం, చిట్టచివరకు ఎక్కడం! ఎక్కడం కంటే ముందు దిగడం నేర్చుకున్నది. పిల్లలకు పాఠం చెప్పినవారెవరికైనా ఈ వరుసలోని వివేకం బోధపడుతుంది. క్షేమంగా దిగగలనన్న నమ్మిక కలిగినవాడికే ఎక్కడానికి మనసొప్పుతుంది. దిబ్బల మీద దూకే విద్యకు కూడ ఇదే మూలసూత్రమని అప్పటికి నాకు తెలియదు.

1885లో జాన్ కెంప్ స్టార్లీ చేసిన ‘రోవర్’ సైకిలుతో రెండు చక్రాలూ ఇంచుమించు సమానమైనాయి. మనిషి నేలకు దగ్గరగా వచ్చాడు. 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందాడు. మనమెరిగిన సైకిలు రూపం అక్కడికి స్థిరపడింది. కాని దానితో మట్టిదిబ్బలు దూకడం ఒక ఆటగా, ఒక విద్యగా ఎదగడానికి ఇంకా ముప్పాతిక శతాబ్దం పైగా పట్టింది.

1963లో ష్విన్ కంపెనీవారు ‘స్టింగ్-రే’ అనే పిల్లల సైకిలును తెచ్చారు. కాలిఫోర్నియా పిల్లలు తమ చిన్న సైకిళ్ళకు పొడవైన హ్యాండిళ్ళు, అరటికాయ వంటి సీట్లు బిగించుకుంటున్నారని విని, ఆ కంపెనీలోని అల్ ఫ్రిట్జ్ దానికి రూపకల్పన చేశాడు. చక్రాలు 20 అంగుళాలు. చిన్న చక్రం కనుక బండి చురుకుగా తిరుగుతుంది, పిల్లవాడి చేతికి లొంగుతుంది. ఆ రోజులలో దక్షిణ కాలిఫోర్నియాలో మోటారుసైకిళ్ళ మట్టిపందెముల జోరు ఎక్కువ. మోటారుసైకిలు కొనలేని పిల్లలు ఖాళీస్థలాలలో తమ స్టింగ్-రేల మీదనే ఆ పందెములను అనుకరించారు.

1969 జూలైలో పశ్చిమ లాస్ ఏంజెలెస్‌లోని పామ్స్ పార్కులో అటువంటి పిల్లలకు రొనాల్డ్ మాక్లర్ అనే యువకుడు పందెములు ఏర్పాటు చేశాడు. 1970 నవంబరు 14న లాంగ్ బీచ్‌లో పదమూడేండ్ల స్కాట్ బ్రైట్‌హాప్ట్ మరొక పందెము నడిపాడు. మోటారుసైకిలు పందెములలో తాను గెలుచుకున్న ట్రోఫీలనే బహుమతులుగా ఇచ్చాడు. మా మనుమడి వయస్సుకు ఒక్క యేడు ఎక్కువ! 1971లో బ్రూస్ బ్రౌన్ తీసిన ‘ఆన్ ఎనీ సండే’ అనే డాక్యుమెంటరీ మోటారుసైకిళ్ళ మీదనే ఐనా, మట్టిలో సైకిళ్ళు తొక్కే పిల్లల దృశ్యాలతో మొదలవుతుంది. అది చూచిన పిల్లలు దేశమంతటా గడ్డపారలు పట్టారు. బైసికిల్ మోటోక్రాస్, సంక్షేపంగా బీఎమ్ఎక్స్, అలా పుట్టింది.

మొదటి యేండ్లలో పిల్లల కంటే ముందు సైకిళ్ళు విరిగాయి. వీధిలో తిరగడానికి చేసిన ఫోర్కులు దూకి దిగే దెబ్బకు వంగిపోయేవి, చువ్వల చక్రాలు సొట్టలు పోయేవి. 1970ల నడుమ స్కిప్ హెస్ అనే ఆయన చువ్వలు లేకుండా పోతపోసిన ‘మోటోమాగ్’ చక్రాన్ని తెచ్చాడు. రెడ్‌లైన్ కంపెనీ గట్టి ఉక్కుగొట్టాల ఫోర్కులు చేసింది. ఇక్కడ నాకు మొదటి సమాధానం దొరికింది. పిల్లవాడి వెనుకంజ అంతా పిరికితనం కాదు. క్రింద ఉన్న బండి తనను మోస్తుందా లేదా అన్న శంక చాలాసార్లు న్యాయమైనదే. పనిముట్టు గట్టిపడిన కొద్దీ మనస్సు గట్టిపడింది.

రెండవ సమాధానం మట్టిలో ఉన్నది. దూకే దిబ్బలలో ముఖ్యమైనవి రెండు రకాలు. ఎక్కే వాలుకూ దిగే వాలుకూ నడుమ చదునుగా మట్టి నింపినది ‘టేబుల్‌టాప్’. దీనిని నేను ‘బల్లదిబ్బ’ అనుకుంటున్నాను. నడుమ మట్టి లేకుండా గొయ్యి ఉన్నది ‘డబుల్’. దీనికి ‘జంటదిబ్బ’ అంటే సరిపోతుందేమో. ఇంతకంటే మంచి మాట తోస్తే చెప్పండి. రెండింటి కొలతలూ ఒకటే కావచ్చు, చేయవలసిన పనీ ఒకటే. తేడా అంతా పొరపాటుకు చెల్లించే మూల్యంలోనే. బల్లదిబ్బ మీద దూరం చాలకపోతే చదును మీద దిగుతాం, ఒక కుదుపు, అంతే. జంటదిబ్బ మీద చాలకపోతే ఎదుటి దిబ్బ ముఖానికి కొట్టుకుంటాం. కనుక ఎరిగినవారు ఒకే కొలతగల దూకును ముందు బల్లదిబ్బ మీద పదులసార్లు చేసి, పిమ్మట జంటదిబ్బకు పోతారు. మా వాడు ఆనాడు నా మాట మీద పోయినది తిన్నగా జంటదిబ్బకే.

పందెములతో నిమిత్తం లేకుండా దూకడం కోసమే దిబ్బలు పోసుకునే సంప్రదాయం క్రమంగా వేరుపడింది. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బెత్లెహెం వద్ద అడవిలో ‘పోష్’ అనే దిబ్బల వరుస, కాలిఫోర్నియాలోని కోస్టా మెసాలో ‘షీప్ హిల్స్’ ఈ లోకంలో పుణ్యక్షేత్రాల వంటివి. వీరిలో ఒక కట్టుబాటు ఉన్నది: తవ్వనివాడు తొక్కరాదు. వాన కురిసిన తరువాత పారలతో మట్టి సరిచేయాలి, నీళ్ళు చల్లి కొట్టాలి, ఎండ కాస్తే కప్పాలి. ఈ నియమం కేవలం పని పంచుకోవడానికే అనుకున్నాను. కాదు. దిబ్బను చేతులతో మలచినవాడికి దాని వాలు ఎంతో, అంచు ఎక్కడ నిటారుగా ఉన్నదో, దిగేచోటు ఎంత వెడల్పో చూడకుండానే తెలుస్తుంది. పద్యం గణాలు విడదీసి చదివినవాడికి యతి ఎక్కడ పడుతుందో ముందే తెలిసినట్లు.

ఇక దూకే పద్ధతి. ఇందులో లెక్క ఉన్నది. ముప్పై డిగ్రీల కోణంలో, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలిలోకి లేచిన బండి, గాలి నిరోధాన్ని వదిలేస్తే, అదే ఎత్తులో సుమారు 6.1 మీటర్ల దూరంలో దిగుతుంది. వేగం 27 కిలోమీటర్లైతే దూరం 5 మీటర్లే. వేగంలో పదవవంతు తగ్గితే దూరంలో దాదాపు అయిదవవంతు పోయింది. దూరం వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక ఇలా జరుగుతుంది. గాలిలో గడిచే కాలం సెకనులో ఎనభయ్యైదు వంతులు, నూటికి. భయంతో చివరి క్షణంలో ఒక్కసారి బ్రేకు తాకితే ఏమవుతుందో ఈ లెక్క చెబుతుంది. అర్ధమనస్సుతో చేసిన దూకు, అసలు దూకకపోవడం కంటే ప్రమాదకరం. మా మనుమడు పడినది సరిగా ఇలాగే. నా మాట కాదనలేక బయలుదేరాడు, అంచు దగ్గర వేలు బ్రేకు మీదికి పోయింది.

వేగం సరిపోయినా శరీరం బిగుసుకుపోతే చాలదు. వాలు ఎక్కేటప్పుడు మోకాళ్ళు, మోచేతులు వంచి, అంచుకు చేరువలో కాళ్ళతో బండిని నేలకు అదిమి, ఆ అదుముడుతోనే పైకి లేవాలి. పెడళ్ళు రెండూ సమంగా ఉండాలి, సీటు మీద కూర్చోరాదు, చూపు దిగే చోటి మీద నిలపాలి. గాలిలో ముందు చక్రాన్ని చేతులతో మెల్లగా క్రిందికి నెట్టి, దిగే వాలుకు బండిని సమాంతరం చేయాలి. కొయ్యబారిన శరీరంతో లేచినవాడి వెనుకచక్రాన్ని అంచు పైకి తన్నుతుంది, బండి ముక్కు క్రిందికి వాలుతుంది. గాలిలో అలా శవంలా బిగుసుకుపోయేవాడికి ఈ ఆటగాళ్ళు పెట్టిన ముద్దుపేరు ‘చచ్చిన నావికుడు’.

ఇది చదువుతూ ఉంటే నాకు సుందరకాండ జ్ఞప్తికి వచ్చింది. మహేంద్రగిరి మీద హనుమంతుడు ఎగిరే ముందు వాల్మీకి చేసిన వర్ణనను మరొకసారి తీసి చూడండి. పాదాలతో కొండను అదుముతాడు. చేతులు బిగిస్తాడు. నడుము వంచి, కాళ్ళు ముడిచి, మెడ లోనికి తీసుకుంటాడు. పోవలసిన దారిని దూరం నుండి చూస్తాడు. ఊపిరి బిగబడతాడు. అప్పుడు లేస్తాడు. ఊపిరి మాట అటుంచితే, అదుముడు, ముడుచుకోవడం, దూరదృష్టి, అన్నీ ఉన్నాయి.

దానికి ముందు కిష్కింధాకాండలో ఇంకొక ఘట్టం. కడలి ఒడ్డున వానరులు ఒక్కొక్కరే తాము ఎన్ని యోజనాలు దూకగలమో చెబుతారు. గజుడు పది అంటాడు, గవాక్షుడు ఇరవై అంటాడు. అలా పెరుగుతూ పోయి జాంబవంతుడు తొంభై వద్ద ఆగుతాడు. అంగదుడు నూరు దూకగలను గాని తిరిగి రాగలనో లేదో అంటాడు. ఎవరినీ ఎవరూ పిరికివాడనలేదు. తన కొలత తాను చెప్పుకోవడం అక్కడ చిన్నతనం కాదు. అప్పుడు జాంబవంతుడు హనుమంతుణ్ణి ప్రేరేపించాడంటే, ఊరికే ధైర్యం చేయమని కాదు. బాల్యంలో సూర్యుని దాకా ఎగిరిన అనుభవాన్ని గుర్తుచేశాడు. ఇదివరకు చేసినదానిని గుర్తుచేయడం ఒకటి, ఎన్నడూ చేయనిదానిని చేయమనడం మరొకటి. నేను జాంబవంతుడి మాట అనబోయి, దాని సగమే అన్నాను.

చరిత్రకు తిరిగి వస్తే, మూడవ సమాధానం పెన్సిల్వేనియాలోనే దొరికింది. 1970లో జిమ్నాస్టిక్స్ శిక్షణశిబిరంగా మొదలైన వుడ్‌వర్డ్‌లో 1982 నుండి బీఎమ్ఎక్స్ కూడ చేరింది. జిమ్నాస్టులకు ఒక పాత ఉపాయం తెలుసు: నురగ రబ్బరు ముక్కలతో నింపిన గోతిలోకి దూకి, కష్టమైన పిల్లిమొగ్గలను దెబ్బ తగలకుండా సాధన చేయడం. ఆ గొయ్యి సైకిలు వారికీ పనికివచ్చింది. ఒకప్పుడు ఒక్క ప్రయత్నంలో తేలిపోవలసినది, ఇప్పుడు వందసార్లు తప్పి నేర్చుకోదగినది ఐనది. 1995లో రోడ్ ఐలండ్‌లో తరువాత ఎక్స్ గేమ్స్‌గా పేరుపొందిన పోటీలు మొదలైనప్పుడు మట్టిదూకుకు అందులో స్థానం దక్కింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో బీఎమ్ఎక్స్ పందెము ప్రవేశించింది. లాట్వియాకు చెందిన మారిస్ ష్ట్రోంబెర్గ్స్, ఫ్రాన్సుకు చెందిన ఆన్-కరోలిన్ షోసోన్ తొలి స్వర్ణాలు గెలిచారు.

దీని చీకటి వైపును దాచరాదు. 2007లో బాల్టిమోర్‌లో జరిగిన పోటీలో స్టీఫెన్ మర్రే అనే బ్రిటిష్ ఆటగాడు మట్టిదిబ్బ మీద వెనుకకు రెండు పల్టీలు కొట్టబోయి పడి, వెన్నుపాము దెబ్బతిని, దేహం చచ్చుబడి చక్రాలకుర్చీకి పరిమితుడైనాడు. ఆయన అనుభవం లేనివాడు కాదు, ఆ విద్యలో అగ్రశ్రేణివాడు. ఎంత సాధన ఉన్నా ప్రమాదం సున్న కాదు. అందుకే పైవాడు “ఏం కాదు” అనడానికి అధికారం లేదు. ఆ మాట అనవలసినవాడు, అనకూడనివాడు కూడ దూకేవాడే.

దీని ప్రక్కన 2021 ఆగస్టు 1 నాటి దృశ్యం ఒకటి ఉంచుతాను. టోక్యో ఒలింపిక్స్‌లో తొలిసారి ప్రవేశించిన ఫ్రీస్టైల్ పార్క్ పోటీ. అది మట్టి మీద కాక కట్టిన వాలుబల్లల మీద జరిగేది. బ్రిటన్‌కు చెందిన షార్లెట్ వర్థింగ్‌టన్ మొదటి విడతలో, గాలిలో చుట్టూ తిరుగుతూ వెనుకకు పల్టీ కొట్టే విన్యాసానికి పూనుకొని పడిపోయింది. ఉన్నవి రెండే విడతలు. రెండవ విడతలో అదే విన్యాసం మళ్ళీ చేసింది, నిలిచింది. 97.50 మార్కులతో స్వర్ణం గెలిచింది. మహిళల పోటీలలో అంతకు ముందు ఎవ్వరూ దానిని సాధించలేదు. చూచేవారికి అది మొండిధైర్యం. పోటీకి ముందు ఎన్నిసార్లు చేసి ఉంటే, పడి లేచిన కొన్ని నిమిషాలకే శరీరం దానికి మళ్ళీ ఒప్పుకుంటుందో ఆలోచించండి. అభ్యాసం కూసువిద్య అన్న పెద్దల మాట ఊరక పుట్టలేదు.

రెండు వారాల తరువాత ఒక సాయంకాలం నేనే వాడి దగ్గరకు వెళ్ళాను. “ఆ రోజు నేను చెప్పింది తప్పురా. ధైర్యం చేయమన్నాను గాని ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పలేదు” అన్నాను. నా సంగతి కూడ చెప్పాను. వాడి యీడులో గంటకు పావలా అద్దె సైకిలు మీద అడ్డతొక్కుడు తొక్కుతూ, తోటివాళ్ళు ఉసికొల్పితే కాలువగట్టు మీది నుండి తిన్నగా క్రిందికి వదిలి, తుమ్మపొదలో పడ్డాను. ఆ తరువాత ఈనాటి వరకు పల్లం వస్తే సైకిలు దిగి నడిపించుకుంటూ పోవడమే నాకు అలవాటు. వాడు చాలాసేపు నవ్వాడు. “అయితే తాతయ్యా, నువ్వు కూడా చచ్చిన నావికుడివేనా?” అన్నాడు. ఆ పేరు వాడికి నాకంటే ముందే తెలుసు.

మరునాటి నుండి ఇద్దరం పార్కుకు వెళ్ళేవాళ్ళం. మొదటి మూడు దినాలు దూకలేదు. పెడలు తొక్కకుండా, దిబ్బల మీద శరీరాన్ని అదిమి, వదిలి, ఆ ఊపుతోనే బండిని నడిపించడమే. తరువాత చదును నేల మీద ముందుచక్రం, వెనుకచక్రం ఎత్తడం. ఆ పైన అన్నిటికంటే చిన్న బల్లదిబ్బ. నేను ఒక బల్ల మీద కూర్చొని, ఎన్నిసార్లు దూకాడో లెక్క వ్రాసుకోవడం తప్ప ఒక్క సలహా ఇవ్వలేదు. ముప్పైయైదేండ్ల వృత్తిలో అంత కష్టమైన పని నేనెన్నడూ చేయలేదు.

ఆ లెక్క నూట పధ్నాలుగుకు వచ్చిన నాడు వాడు జంటదిబ్బ ముందు ఆగి నా వైపు చూచాడు. నేను లెక్కల పుస్తకంలోకి తల వంచుకున్నాను. కొంతసేపటికి మట్టి మీద రెండు చక్రాలు ఒకేసారి దిగిన శబ్దం వినిపించింది.

ఇక్కడికి ముగిస్తాను. మీ బాల్యంలోని సైకిలు పాట్లు, మీ ప్రాంతంలో అడ్డతొక్కుడుకు ఉన్న పేర్లు వీలైతే వ్రాయండి. చేర్చుకుంటాను.

స్వస్తి.